తాకని చెయ్యి, అంటిన జాడ: డీఎన్‌ఏ బదిలీని కళ్లకు చూపించే కిట్ – ప్రాజెక్టు డైరీ, తిరుపతి

దశ 0: ఏం చేస్తున్నాం, ఏం చెయ్యడం లేదు

ఒకరి డీఎన్‌ఏ వాళ్లు ఎప్పుడూ తాకని వస్తువు మీదికి ఎలా చేరుతుందో టేబుల్ మీద, చీకట్లో, రంగు వెలుగుతో చూపించే కిట్ ఇది. డిగ్రీ పిల్లల కోసం, లా కాలేజీ పిల్లల కోసం తయారు చేస్తున్నాం. పనిలో నిజమైన డీఎన్‌ఏ ఎక్కడా లేదు. ఎవరి ఉమ్మీ, చెమటా, వెంట్రుకా సేకరించడం లేదు, మీరూ సేకరించకండి, అడక్కుండా అసలు వద్దు. డీఎన్‌ఏకి బదులు మెరిసే సిరా వాడుతున్నాం, అతినీలలోహిత టార్చి కింద అది ఎక్కడెక్కడికి పోయిందో ఫోన్‌తో కొలుస్తున్నాం.

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా పెదనాన్న కొడుకు ఒకసారి అడిగాడు: "కత్తి మీద ఫలానావాడి డీఎన్‌ఏ ఉంది అని రిపోర్టు వస్తే, కత్తి వాడే పట్టుకున్నాడని తేలిపోయినట్టేనా పాపా?" లేదన్నా, అది ఎవరిదో మాత్రమే తేలింది, అక్కడికి ఎట్లా వచ్చిందనేది వేరే ప్రశ్న అన్నాను. "ఆ రెండో ప్రశ్నని చూపించేదానికి ఏమన్నా ఉందా నీ దగ్గర?" అన్నాడు. అప్పటికి లేదు. కిట్‌లోని ప్రతి భాగాన్నీ ఆ రెండో ప్రశ్నకు పనికొస్తుందా లేదా అని చూసే పెట్టాం, పనికిరానివన్నీ తీసేశాం.

చదవాల్సిన నేపథ్యం కొంచెమే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1910లో పోలీసు ల్యాబ్ పెట్టిన ఎడ్మండ్ లోకార్డ్ పేరు మీద ఒక సూత్రం ఉంది, రెండు వస్తువులు తాకితే ఒకదాని జాడ ఇంకోదానికి అంటుతుందని. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, అంటే డీఎన్‌ఏని బట్టి మనిషిని గుర్తుపట్టే పద్ధతి, కనిపెట్టాడు. మన దగ్గర హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ దాన్ని నిలబెట్టారు. అప్పట్లో కంటికి కనిపించే రక్తపు మరకలాంటిది ఉండాలి. 1997లో ఆస్ట్రేలియాలో వాన్ ఊర్షాట్, జోన్స్ అనే ఇద్దరు ఉత్తి చేత్తో పట్టుకున్న వస్తువుల మీద కూడా డీఎన్‌ఏ దొరుకుతుందని నేచర్ పత్రికలో రాశారు. అదే వ్యాసంలో ఇంకో సంగతి కూడా రాశారు, ఒకరి చేతి డీఎన్‌ఏ మధ్యలో ఇంకో చేతి ద్వారా వస్తువు మీదికి పోవచ్చని. అంటే ఈ విద్యతో పాటే దాని చిక్కు కూడా మొదటిరోజే బయటపడింది.

దశ 1: టార్చి, పెట్టె, ఫోన్

ముందు ఆన్‌లైన్‌లో దొరికే చవక 395 నానోమీటర్ల టార్చి తెప్పించాం. పనికిరాలేదు. దాని నుంచి మామూలు ఊదారంగు వెలుగే ఎక్కువ వస్తుంది, స్టీలు గ్లాసు మీద పడితే గ్లాసంతా ఊదాగా తళతళలాడుతుంది, సిరా చుక్క అందులో కలిసిపోతుంది. 365 నానోమీటర్లది, ముందు నల్లటి ఫిల్టరు గాజు ఉన్నది కొనాలి. ధర ఎక్కువే గానీ ఇక్కడ తగ్గించుకోవద్దు.

రెండో సమస్య తెల్ల కాగితం. గ్లాసు కింద ఏ4 కాగితం పరిచి టార్చి వేస్తే నీలంగా భగ్గుమంది. కాగితంలో, బట్టల సబ్బుపొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలన్నీ ఈ వెలుగులో మెరుస్తాయి. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని పెట్టె దగ్గర నిలబడితే చాలు, ఆ కాంతి స్టీలులో ప్రతిబింబిస్తుంది. అందుకే ఇప్పుడు పెట్టె దగ్గర ఉండేవాళ్లు ముదురు రంగు బట్టలే వేసుకోవాలని నియమం పెట్టాం.

మూడోది ఫోన్. కెమెరా తనంతట తానే వెలుతురు సర్దుకుంటుంది కాబట్టి, బాగా మెరిసే చుక్కా, అరకొరగా మెరిసే చుక్కా ఫోటోలో ఒకేలా వస్తాయి. ఇది సరిచెయ్యకుండా తీసిన ఫోటోలన్నీ కొలతకు పనికిరావు, చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి.

ఇప్పుడున్న ఏర్పాటు:

1. కిరాణా అట్టపెట్టె, లోపలంతా నల్ల చార్టు అతికించాలి. పైన ఫోన్ లెన్సుకి ఒక రంధ్రం, పక్కన 45 డిగ్రీల వాలులో టార్చికి ఇంకోటి.
2. లెన్సు నుంచి వస్తువుకి 25 సెంటీమీటర్లు. పెట్టె అడుగున టేపుతో గుర్తు పెట్టుకోవాలి, ప్రతిసారీ అక్కడే.
3. ఫోన్ ప్రో మోడ్‌లో: ఐఎస్‌ఓ 200, షట్టరు సెకనులో పదో వంతు, ఫోకస్ లాక్, వైట్ బ్యాలెన్స్ లాక్.
4. లెన్సు మీద పసుపు జిలెటిన్ కాగితం ఒక పొర. పెళ్లిపందిళ్ల లైట్లకి కట్టేదే. నీలాన్ని ఆపి ఆకుపచ్చను వదులుతుంది, కాగితం గొడవ సగం తీరింది.
5. అతినీలలోహిత కాంతిని ఆపే కళ్లద్దాలు లేకుండా టార్చి వెయ్యొద్దు. పిల్లలు టార్చి మొహం మీదికి తిప్పుకోకుండా పెట్టెకే బిగించేశాం.

ఖర్చు: 365 టార్చి 1,150, మూలన పడ్డ 395 టార్చి 250, చార్టు 60, ఫోన్ స్టాండు 180, కళ్లద్దాలు 150, జిలెటిన్ 10.
ఇప్పటివరకు మొత్తం: రూ. 1,800.

దశ 2: దేన్ని డీఎన్‌ఏ అనుకోవాలి

ఇంట్లో ఉన్నదే కదా అని మొదట పసుపు తీసుకున్నాం. పసుపులోని కర్క్యుమిన్ అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చ కలిసిన పసుపురంగులో మెరుస్తుంది. కానీ నీళ్లలో కలిపితే వెలుగు చచ్చిపోతుంది, కొబ్బరినూనెలో కలిపితే దివ్యంగా మెరుస్తుంది. నూనె చేతికి పూస్తే చర్మమంతా పాకిపోతుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీదు. పైగా గోరు సందుల్లో చేరితే సబ్బుతో కూడా పోదు. మానేశాం.

బట్టలకు వేసే తెల్లదనం పొడి బాగా మెరుస్తుంది గానీ నీలంగా మెరుస్తుంది, అంటే పైన చెప్పిన కాగితం, చొక్కాల రంగే. ఏది మనం పూసిందో ఏది ముందే ఉందో విడదీయలేం. దాన్నీ పక్కన పెట్టాం.

నిలబడింది హైలైటర్ పెన్. మూత తీసి లోపలి దూదికడ్డీని పట్టకారుతో లాగి, 10 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానేస్తే సిరా దిగుతుంది. పసుపు హైలైటర్ ఆకుపచ్చగా, గులాబీది నారింజగా మెరుస్తుంది. రెండు రంగులంటే ఇద్దరు మనుషులు. ఇది చాలా కలిసొచ్చింది, ఎందుకంటే నిజమైన కేసుల్లో చేత్తో పట్టుకున్న వస్తువుల మీద తరచుగా ఒక్కరి డీఎన్‌ఏ కాకుండా ఇద్దరు ముగ్గురివి కలిసి ఉంటాయి.

చేతిమీద నీళ్ల చుక్క జారిపోతోంది కాబట్టి పది పాళ్లకు ఒక పాలు గ్లిజరిన్ కలిపాం. ఇది చెమట, ఉమ్మి లాంటి తడికి కొంచెం దగ్గర. దగ్గర అంటున్నానే గానీ అదే అనడం లేదు, సిరా సిరానే.

ఖర్చు: హైలైటర్లు 100, తెల్లదనం పొడి 40, గ్లిజరిన్ 60.
ఇప్పటివరకు మొత్తం: రూ. 2,000.

దశ 3: మెరుపును అంకెగా మార్చడం

కంటితో "బాగా ఉంది, కొంచెం ఉంది" అంటే కుదరదు. సిరాను సగం, అందులో సగం, మళ్లీ సగం అలా 128వ వంతు దాకా పలచన చేసి, ఒక్కోదాన్నుంచి 10 మైక్రోలీటర్ల చుక్క స్టీలు పళ్లెం మీద వరసగా పెట్టి ఫోటో తీశాం. ఫోటోను ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, చుక్క చుట్టూ సున్నా గీసి, ఆకుపచ్చ చానెల్ (ఫోటోలో ఆకుపచ్చ వెలుగు ఒక్కటే ఎంతుందో చెప్పే అంకె) సగటు విలువ రాసుకోవాలి. పక్కనే ఖాళీ స్టీలు మీద అదే సైజు సున్నా గీసి ఆ విలువ తీసెయ్యాలి.

ఇక్కడ చిత్రమైన సంగతి ఒకటి ఎదురైంది. అన్నిటికన్నా చిక్కటి చుక్క అన్నిటికన్నా ఎక్కువ మెరవలేదు. నాలుగో వంతుకి పలచన చేసిందే దానికన్నా కాంతిగా ఉంది. చిక్కటి సిరాలో పైపొరే కాంతినంతా మింగేస్తుంది, లోపలివాటికి అందదు, అందినా బయటికొచ్చే మెరుపును పక్క అణువులు మళ్లీ మింగుతాయి. ఇది తెలీకుండా చిక్కటి సిరాతో మొదలుపెడితే గ్లాసుకి అంటింది చేతిమీద ఉన్నదాని కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, లెక్కంతా తలకిందులవుతుంది. కాబట్టి నాలుగో వంతు ద్రావణమే మా మొదలు. అక్కణ్ణుంచి 64వ వంతు దాకా గీత దాదాపు వంకర లేకుండా తిన్నగా వచ్చింది, ఆ తర్వాత స్టీలు సొంత మెరుపులో కలిసిపోయింది.

చుక్కకి ఇన్సులిన్ సిరంజి వాడండి, సూది తీసేసి. మందుల షాపులో అడిగేటప్పుడు చూసుకోండి: ఎర్ర మూతది 40 యూనిట్లది, ఒక యూనిట్ 25 మైక్రోలీటర్లు. నారింజ మూతది 100 యూనిట్లది, ఒక యూనిట్ 10. మనకు కావలసింది నారింజ మూతది.

ఖర్చు: సిరంజిలు 80, చిన్న సీసాలు 70.
ఇప్పటివరకు మొత్తం: రూ. 2,150.

దశ 4: చెయ్యి నుంచి వస్తువుకి

వస్తువులు మూడు: స్టీలు గ్లాసు, షేర్ ఆటోలో పట్టుకునే రాడ్డు లాంటి జీఐ పైపు ముక్క, ఉతకని కోరా గుడ్డ. షేర్ ఆటోలో నిజంగానే సిరా పూసి చూద్దాం మేడమ్ అని పిల్లలు ఒకటే గోల. పదిమంది పట్టుకునే చోట మనం ఏదీ పూయకూడదు, అది వాళ్లకు గట్టిగా చెప్పాను, పైపు ముక్క అందుకే.

పద్ధతి:

1. చూపుడువేలి కొన మీద 10 మైక్రోలీటర్లు.
2. తడి పరీక్షకైతే వెంటనే, పొడి పరీక్షకైతే ఫ్యాన్ కింద పది నిమిషాలు ఆగి.
3. వస్తువును వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి, కాటా 500 గ్రాములు చూపించేంత బలంతో 5 సెకన్లు నొక్కాలి.
4. రుద్దే పరీక్షకైతే అదే బలంతో 3 సెంటీమీటర్లు లాగాలి.
5. ఫోటో తీయాలి, వేలు కూడా, వస్తువు కూడా.

కాటా పెట్టకముందు ఒక్కొక్కరి అంకె ఒక్కో తీరుగా వచ్చింది, కబడ్డీ ఆడే అబ్బాయి నొక్కితే ఒకటి, పక్క అమ్మాయి నొక్కితే ఇంకోటి. కాటా వచ్చాక కాస్త దారిలో పడ్డాయి.

మా సిరాతో వచ్చిన తీరు: తడి వేలు స్టీలుకి దాదాపు సగం ఇచ్చింది. ఆరిన వేలు నొక్కితే అందులో చిన్న భాగమే, చాలాసార్లు కొలత గీత అడుగునే ఉంది. అదే ఆరిన వేలితో రుద్దితే మళ్లీ స్పష్టంగా కనిపించింది. గుడ్డ తడిని పీల్చుకుంది, కానీ పీల్చుకున్నదాన్ని తర్వాత వేరే చేతికి సరిగా ఇవ్వలేదు. స్టీలు అలా కాదు, తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేస్తుంది.

అసలు డీఎన్‌ఏ మీద జరిగిన పరిశోధనలు కూడా ఈ దిశనే చెబుతాయి: తడిగా ఉంటే, రాపిడి ఉంటే, మొదటి వస్తువు నున్నగా ఉండి రెండోది పీల్చేదైతే బదిలీ పెరుగుతుంది. మే నెలలో తిరుపతిలో పొద్దున పదింటికే చేతులు చెమటతో జారుతుంటాయి, చలిదేశాల ల్యాబుల్లో ఆరిన చేతులతో వచ్చిన అంకెలను ఇక్కడికి అలాగే తెచ్చి వాడితే ఎంతవరకు సరిపోతాయో ఆలోచించాల్సిన విషయం.

ఖర్చు: పైపు ముక్క 220, కోరా గుడ్డ 120.
ఇప్పటివరకు మొత్తం: రూ. 2,490.

దశ 5: షేక్‌హ్యాండ్, ఆ తర్వాత కత్తి

కిట్‌కి ప్రాణం ఈ దశే. ఇద్దరు పిల్లలు, ఒకరి అరచేతికి పసుపు సిరా, ఇంకొకరి అరచేతికి గులాబీ. ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారు. పసుపు సిరా వాళ్లు గది బయటికి వెళ్లిపోతారు. గులాబీ వాళ్లు కూరగాయల కత్తి పిడి పట్టుకుంటారు (అలుగుకి అట్ట తొడిగి టేపు చుట్టాం). కత్తిని పెట్టెలో పెట్టి టార్చి వేస్తే పిడి మీద నారింజ మరకల మధ్య ఆకుపచ్చ చుక్కలు. కత్తిని చూడను కూడా చూడని మనిషి జాడ అది. మొదటిసారి అది కనిపించినప్పుడు గదిలో ఒక్కరు కూడా మాట్లాడలేదు, కాసేపటికి ఒకమ్మాయి "అట్లైతే మేడమ్, జైల్లో ఉన్నవాళ్లలో ఇట్లా ఎవరన్నా ఉంటారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు దశ 7లో ఉంది.

ఇక్కడ మార్చినవి:

1. మొదట ఇద్దరి సిరా తడిగానే ఉండేది. అప్పుడు రెండు రంగులూ ముద్దగా కలిసిపోయి విడిగా కొలవడం కుదరలేదు. ఇప్పుడు గులాబీది పది నిమిషాలు ఆరాకే షేక్‌హ్యాండ్.
2. షేక్‌హ్యాండ్ 10 సెకన్లు. సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టాలి.
3. షేక్‌హ్యాండ్‌కి, కత్తికి మధ్య విరామం: వెంటనే, 5 నిమిషాలు, 30 నిమిషాలు. విరామంలో మామూలుగా ఉండమని చెప్పాలి, ఫోన్ చూసుకోవచ్చు, బ్యాగు సర్దుకోవచ్చు.
4. నారింజను కొలిచేటప్పుడు ఎరుపు చానెల్, మరొకదానికి ఆకుపచ్చ చానెల్.

మొదటి మార్పు వల్ల ఒకటి బయటపడింది. గులాబీ ఆరిపోయి, పసుపు తడిగా ఉన్నప్పుడు, పిడి మీద ఆకుపచ్చే ఎక్కువగా తేలింది. అంటే కత్తి పట్టుకున్నవాడి రంగు తక్కువ, పట్టుకోనివాడి రంగు ఎక్కువ! ఇది సిరా వింత మాత్రమే కాదు. 2016లో అమెరికాలోని ఇండియానాపొలిస్ యూనివర్సిటీ వాళ్లు జంటలతో రెండు నిమిషాలు షేక్‌హ్యాండ్ చేయించి, వెంటనే కత్తులు పట్టించి అసలు డీఎన్‌ఏ పరీక్ష చేశారు. 85 శాతం నమూనాల్లో కత్తిని తాకనివాళ్ల డీఎన్‌ఏ కూడా దొరికింది, ఐదు నమూనాల్లోనైతే ప్రధానంగా, లేదంటే ఒక్కటే దొరికింది వాళ్లదే. రెండు నిమిషాల షేక్‌హ్యాండ్ బయట ఎవరూ ఇవ్వరు, ఆ వెంటనే కత్తి పట్టడమూ ఉండదు, కాబట్టి 85 అనే అంకెను కోర్టులో అలాగే చదవడం తప్పు. జరగగలదు అన్నదానికి మాత్రం అది గట్టి రుజువు.

విరామం పెరిగే కొద్దీ మా ఆకుపచ్చ పడిపోయింది, 30 నిమిషాల తర్వాత కెమెరాకి ఏమీ అందలేదు. మరి ఆ సిరా ఎటు పోయింది? ఫోన్ వెనక, బ్యాగు జిప్పు మీద, జుట్టు సర్దుకున్న చోట, చెవి రింగు మీద. వాటిని టార్చితో వెతకడం పిల్లలకు అన్నిటికన్నా నచ్చిన పని, దాన్ని విడిగా ఒక ఆటగా పెట్టేశాం. ఫోన్ అన్నిటికన్నా ఎక్కువ దాచుకుంటోంది, మళ్లీ చేతికి ఇస్తోంది.

కొత్త ఖర్చు లేదు, కత్తి ఇంట్లోదే. మొత్తం: రూ. 2,490.

దశ 6: మనం పూయకముందే ఉన్నవి

కిట్‌ని ఒకరి ఇంట్లో చూపిద్దామని తీసుకెళ్లి, లైట్లు ఆపి టార్చి వేసేసరికి గడప మొత్తం మెరిసింది. శుక్రవారం గడపకి పూసిన పసుపు. ద్వారబంధానికి, పూజగది తలుపు పిడికి, పెద్దావిడ మంగళసూత్రం తాడుకి, కాళ్లకి, అన్నిటికీ. మేం ఒక్క చుక్క పూయలేదు. లెన్సుకున్న జిలెటిన్ కాగితం ఇక్కడ ఏమీ చెయ్యలేదు, రంగు మా సిరాకి దగ్గరది కదా.

ప్రదర్శన పాడైంది గానీ కిట్‌కి ఒక కొత్త భాగం దొరికింది. ఘటనాస్థలంలో నేరానికి సంబంధం లేని డీఎన్‌ఏ కూడా ముందునుంచే ఉంటుంది, దీన్ని నేపథ్య డీఎన్‌ఏ అంటారు. ఇంట్లో ఉండేవాళ్లది, పాలవాడిది, కిందటివారం వచ్చిపోయిన చుట్టాలది. తిరుమల క్యూ కంపార్ట్‌మెంట్లలో స్టీలు రాడ్లు తలచుకోండి, రోజుకి ఎన్ని వేలమంది చేతులు పడతాయో, ఏ రాడ్డు మీదైనా స్వాబ్ తీస్తే వచ్చేది ఎంతమంది కలగలుపో. అలాంటిచోట ఒకరి పేరు దొరకడానికి ఎంత విలువ ఉంటుంది? ఆ మనిషి తప్ప ఇంకెవరూ అడుగుపెట్టని పడకగదిలో దొరికితే ఎంత? వేరొకరి పడకగదిలో, అతను ఎప్పుడూ రాలేదని అందరూ చెబుతున్నచోట దొరికితే ఎంత? డీఎన్‌ఏ మూడుచోట్లా ఒకటే, అర్థం మాత్రం ఒకటి కాదు.

కల్యాణకట్ట గురించి కూడా అడుగుతారు, అంత జుట్టు ఉంటుంది కదా అని. కత్తిరించిన, గీసిన వెంట్రుకకి కుదురు ఉండదు కాబట్టి మామూలు పరీక్షకి కావలసిన కేంద్రక డీఎన్‌ఏ దాదాపు ఉండదు, మైటోకాండ్రియా డీఎన్‌ఏ దొరకొచ్చు, అది తల్లి, అమ్మమ్మ, అలా తల్లి వరసలో కలిసే బంధువులందరికీ ఒకటే.

మార్పు: ప్రతి ప్రయోగానికి ముందు అదే వస్తువుని ఏమీ పూయకుండా ఒక ఫోటో. దీన్ని ఖాళీ ఫోటో అంటున్నాం. అది లేని కొలతను లెక్కలోకి తీసుకోం.

దశ 7: గ్లోవ్స్, ఇయర్ బడ్స్, ఆక్సీమీటర్

గ్లోవ్స్ వేసుకుంటే భయం లేదనుకుంటారు. గ్లోవ్ కాపాడేది లోపలి చేతిని. తలుపు పిడి పట్టుకుని, అదే గ్లోవ్‌తో గ్లాసు తీసి సంచిలో వేస్తే పిడి మీది ఆకుపచ్చ గ్లాసు మీదికి వస్తుంది. మా పెట్టెలో ఉత్తచేతి కన్నా గ్లోవ్ ఎక్కువ మోసుకుపోయింది, ఎందుకంటే చర్మం కొంత పీల్చుకుని దాచుకుంటుంది, గ్లోవ్ చేసిన నైట్రైల్ రబ్బరు నున్నగా ఉండి దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. వస్తువుకొక జత మార్చాలి, ఇది చెప్పడం కన్నా చూపిస్తేనే తలకెక్కుతోంది.

స్వాబ్ తీసే పద్ధతి:

1. ఇయర్ బడ్‌ని ఒక చుక్క నీళ్లతో తడిపి, తిప్పుతూ రుద్దాలి.
2. అదే చోట పొడి ఇయర్ బడ్‌తో ఇంకోసారి.
3. రెండింటినీ అర మిల్లీలీటరు నీళ్లలో పిండి, ఆ నీటి చుక్కను కొలవాలి.
4. గుడ్డకి స్వాబ్ వద్దు, సెల్లోటేపు అంటించి లాగాలి. స్వాబ్ గుడ్డలోకి ఇంకా లోపలికి తోసేస్తోంది.

స్టీలు మీదున్నది చాలావరకు తిరిగొచ్చింది, గుడ్డలోది చాలావరకు రాలేదు. కాబట్టి దొరికిన పరిమాణం బట్టి ఎంత ఉండేదో నేరుగా చెప్పలేం.

ఇయర్ బడ్ సంగతి వచ్చినప్పుడు జర్మనీ కథ చెప్పకుండా ఉండలేను. హైల్‌బ్రాన్‌లో 2007లో ఒక మహిళా పోలీసు హత్య జరిగింది, అక్కడ దొరికిన ఒక తెలియని స్త్రీ డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో నలభై దాకా నేరస్థలాల్లో దొరికినదానితో సరిపోయింది. ఏళ్లపాటు ఆమె కోసం వెతికారు. 2009లో తేలిందేమిటంటే అది స్వాబులు తయారుచేసే చోట పనిచేసిన ఒకామె డీఎన్‌ఏ. స్వాబులు క్రిమిరహితం చేసినవే, క్రిములు చస్తాయి గానీ డీఎన్‌ఏ అక్కడే ఉంటుంది. 2016లో ఐఎస్‌ఓ 18385 అనే ప్రమాణం వచ్చింది, ఫోరెన్సిక్ సామగ్రి తయారీలో మనుషుల డీఎన్‌ఏ పడకుండా ఎలా చూడాలన్నది అందులో ఉంది. మా కిట్‌లో దీనికోసం ఒక ఇయర్ బడ్ ప్యాకెట్‌లో కొన్నిటికి ముందే లేతగా సిరా అంటించి పెట్టాం, ఏమీ పూయని గ్లాసు మీద స్వాబ్ తీసిన పిల్లలకి ఆకుపచ్చ వస్తుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లే కనుక్కోవాలి, వాడని బడ్‌ని పరీక్షించాలని తట్టేదాకా చెప్పం.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. 2012లో కాలిఫోర్నియాలో ఒక సంపన్నుడు తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. ఆయన గోళ్ల దగ్గర దొరికిన డీఎన్‌ఏ ఇల్లూ వాకిలీ లేని ఒక మనిషిదని తేలి, అతన్ని హత్య కేసులో పెట్టారు, దాదాపు ఐదు నెలలు జైల్లో ఉంచారు. హత్య జరిగిన సమయానికి అతను బాగా తాగి ఒళ్లు తెలియని స్థితిలో ఆస్పత్రిలో ఉన్నాడు, రికార్డులున్నాయి. అతన్ని ఆ సాయంత్రం చూసిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత ఆ హత్య ఇంటికి వెళ్లారు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ ద్వారా పోయి ఉండొచ్చని అనుమానం. అతను బతికి బయటపడింది ఆస్పత్రి కాగితాల వల్ల. ఆ రాత్రి అతను ఏ ఫుట్‌పాత్ మీదో ఒంటరిగా పడుకుని ఉంటే చూపించేదానికి ఏముండేది? నాకు ఈ కిట్ మీద ఇంత పట్టుదల రావడానికి ఆ మనిషే కారణం.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్లు ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఉన్నాయి. ఒకరి వేలికి సిరా, ఆక్సీమీటర్ తగిలించి తీసి, తుడవకుండా ఇంకొకరి వేలికి. గోరు చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది, ఖచ్చితంగా ఆ రబ్బరు మెత్త తాకినచోట. మధ్యలో స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, రబ్బరు మడతలో మిగిలింది.

ఖర్చు: నైట్రైల్ గ్లోవ్స్ 350, ఇయర్ బడ్స్ 40.
ఇప్పటివరకు మొత్తం: రూ. 2,880.

దశ 8: సిరా ఎక్కడ అబద్ధం చెబుతుంది

కిట్‌తో పాటు ఇచ్చే కాగితంలో ఇవి తప్పకుండా రాయండి, లేకపోతే చూసినవాళ్లు "డీఎన్‌ఏ దేనికీ పనికిరాదు" అనుకుని వెళ్తారు. అది ఇంకా పెద్ద ప్రమాదం, దాని వల్లే దొరికిన దుర్మార్గులూ ఉన్నారు, దాని వల్లే విడుదలైన అమాయకులూ ఉన్నారు.

ఒకటి, మా కెమెరా 64వ వంతు దగ్గర ఆగిపోతుంది. ల్యాబులో పీసీఆర్ యంత్రం డీఎన్‌ఏను చక్రానికి రెట్టింపు చొప్పున 28, 30 చక్రాల దాకా పెంచుతుంది. మనిషి కణం ఒక్కదానిలో 6.6 పికోగ్రాముల దాకా డీఎన్‌ఏ ఉంటుంది, 100 పికోగ్రాములంటే పదిహేను కణాలు, అంత తక్కువతో కూడా ప్రొఫైల్, అంటే మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ ముద్ర, రావచ్చు. ఇంత చూపున్న పరీక్ష కాబట్టే మూడో చేతి ద్వారా వచ్చినది కూడా పట్టుకుంటుంది. కంటికి కనిపించే రక్తపు మరకలో దొరికిన డీఎన్‌ఏకి, పిడి మీద దొరికిన స్పర్శ డీఎన్‌ఏకి (ఉత్తి చెయ్యి తాకితే అంటేదానికి) ఒకే బరువు ఇవ్వకూడదనేది అందుకే.

రెండు, సిరా అందరి చేతిలో సమానం, మేం కొలిచి పోశాం. మనుషులు అలా కాదు. కొందరి చేతుల నుంచి డీఎన్‌ఏ ఎక్కువ రాలుతుంది, కొందరివి తక్కువ, చెయ్యి ఎప్పుడు కడిగారు, అంతకుముందు మొహం తుడుచుకున్నారా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

మూడు, ప్రయోగం జరిగే కాసేపు సిరా మారకుండా ఉంటుంది, డీఎన్‌ఏ ఎండకి, తేమకి, బూజుకి పాడవుతుంది. ప్లాస్టిక్ కవర్లో తడి గుడ్డ కట్టిపెడితే త్వరగా పోతుంది, ఆరబెట్టి కాగితపు కవర్లోనే పెట్టాలి.

మొదట్లో చెప్పిన మా లాయరు అన్న కోసం కాగితం వెనకవైపు ఇవి అచ్చు వేశాం, రిపోర్టు చేతికొచ్చినప్పుడు అడగాల్సినవి:

1. ఏ ద్రవం నుంచి వచ్చింది, రక్తమా, ఉమ్మా, లేక చెప్పలేని స్పర్శా?
2. ఎంత పరిమాణం, ఎంతమంది కలగలుపు?
3. వస్తువుని ఎవరు, ఏ గ్లోవ్స్‌తో ఎత్తారు, ఏ కవర్లో పెట్టారు, పంచనామాలో రాశారా?
4. ముద్దాయి వస్తువులూ ఘటనాస్థలం వస్తువులూ ఒకే రోజు ఒకే చేతుల మీదుగా పోయాయా?
5. వాడని స్వాబ్‌ని పోలికగా పంపారా?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి, రాష్ట్రాలు దీన్ని అమలు చెయ్యడానికి ఐదేళ్లలోపు గడువు ఉంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు డీఎన్‌ఏ నమూనాల గురించి దేశమంతటికీ నిర్దేశాలు ఇచ్చింది, సేకరించిన 48 గంటల్లో ల్యాబుకి చేర్చాలని, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలని. మూడో, నాలుగో ప్రశ్నలకు జవాబు ఆ రిజిస్టరులోనే వెతకాలి. కాగితం చదివి అన్న "ఇది తెలుగులో ఉండడమే మేలు, స్టేషన్‌లో కూడా ఒకటి ఇస్తాను" అన్నాడు.

మిగిలిన పని: బట్టలు ఉతికేటప్పుడు ఒకరి బట్ట నుంచి ఇంకొకరి బట్టకి పోయేది చూపించే భాగం ఇంకా కుదర్లేదు, సబ్బుపొడి మెరుపు అన్నిటినీ కప్పేస్తోంది. కుంకుడుకాయ రసంతో ఉతికి చూస్తున్నాం, దానికి సొంత మెరుపు ఎంతుందో ముందు ఖాళీ ఫోటో తియ్యాలి. కిట్ తయారుచేసేవాళ్లు నాలుగో వంతు ద్రావణాన్ని వారానికొకసారి కొత్తగా కలుపుకోండి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టిన సీసా చూస్తుండగానే వెలిసిపోయింది.